దొంగని తీసెయ్ తల్లీ

అమ్మాయీ,

నీ మెయిల్ వచ్చి చాలా రోజులైంది, నేను జవాబు ఇవ్వలేదని మళ్లీ ఇంకోటి పెట్టావు, అందులో "బిజీగా ఉంటారని తెలుసు సార్" అన్నావు. నేనేం బిజీగా లేను. కోపంగా ఉన్నా. నీ నాటిక చివర్లో ఆసుపత్రి సూపరింటెండెంట్ చేతులు జోడించి "నేను తిన్న ప్రతి రూపాయీ ఒక రోగి ప్రాణం" అని భోరున ఏడుస్తాడే, అక్కడొచ్చింది కోపం. అప్పుడే జవాబు రాస్తే బాగుండదని ఆగా. ఇప్పుడు కూడా తగ్గలేదు కానీ నువ్వు రెండోసారి అడిగావు కాబట్టి రాస్తున్నా. సార్ అనకు, బాబాయ్ అను.

నువ్వు మొదలెట్టింది చాలా మంచిచోట. 'ఎస్ మినిస్టర్' అనే బ్రిటిష్ హాస్య సీరియల్లో ఆ రోగుల్లేని ఆసుపత్రి ఎపిసోడ్ చూసి, దాని గురించి మూడు పేజీలు వ్యాసం రాసి, వెనకాలే మన ఊళ్లో పెట్టి నాటిక అల్లావు. నీ వయసువాళ్లు ఆ సీరియల్ చూస్తారనే నేననుకోలేదు, సంతోషం. కానీ వ్యాసంలో మొదటి లైనే "పని లేకుండా జీతాలు మింగే అయిదొందల మంది కథ" అని రాశావు. నువ్వు చూసింది ఆ ఎపిసోడేనా అసలు? నేను మళ్లీ పెట్టుకుని చూశా, నీ మీద అనుమానంతోనే.

'ది కంపాషనేట్ సొసైటీ', దయగల సమాజం, అంటే రెండో సిరీస్‌లో మొదటి ఎపిసోడ్, 1981 ఫిబ్రవరి 23న బీబీసీ టూలో వచ్చింది. మంత్రి జిమ్ హ్యాకర్‌కి సెయింట్ ఎడ్వర్డ్స్ అని ఒక కొత్త ఆసుపత్రి సంగతి తెలుస్తుంది. కట్టడం పూర్తయి 15 నెలలైంది, రోగి ఒక్కడు లేడు. అడ్మినిస్ట్రేషన్‌లో 342 మంది ఉన్నారు, పోర్టర్లు, క్లీనర్లు, బట్టలుతికేవాళ్లు, తోటమాలులు, వంటవాళ్లు అంతా కలిపి ఇంకో 170 మంది. మరి డాక్టర్లూ నర్సులూ ఎంతమంది అని మంత్రి అడిగితే ఆయన శాఖ సెక్రటరీ సర్ హంఫ్రీ ఏ మాత్రం తడబడకుండా ఒక్కరూ లేరంటాడు. ఎందుకు లేరంటే, సర్కారు ఖర్చులు తగ్గించమంది కదా, వైద్యానికి డబ్బు మిగల్లేదు.

మంత్రి నమ్మలేక స్వయంగా చూడ్డానికి వెళ్తాడు. అక్కడ మిసెస్ రోజర్స్ అని పెద్దావిడ, ఆసుపత్రి నడిపేది ఆవిడే, వార్డులన్నీ తిప్పి చూపిస్తుంది. ఆ సీన్ కాయితం మీద రాసుకుని చూడు ఒకసారి. ఆవిడ మొహంలో ఎక్కడైనా దొంగతనం ఉందా? సిగ్గుందా? తప్పు చేశానన్న భయముందా? ఏమీ లేదు, గర్వం ఉంది! ఇల్లు కట్టుకున్న మనిషి చుట్టాల్ని గది గదికీ తిప్పినట్టు తిప్పుతుంది. ఏ డిపార్ట్‌మెంట్ ఎందుకుందో అడిగినదానికల్లా జవాబుంది ఆవిడ దగ్గర. అసలిది ఆసుపత్రిగా నడుస్తోందంటారా అని మంత్రి అంటే, దేశంలోకల్లా బాగా నడుస్తున్న ఆసుపత్రుల్లో ఇదొకటండీ, ఫ్లారెన్స్ నైటింగేల్ అవార్డుకి పోటీలో ఉన్నాం అంటుంది. అదెందుకిస్తారు అని అడుగుతాడు. ఆ రీజియన్‌లో అన్నిటికన్నా శుభ్రంగా ఉన్న ఆసుపత్రికిస్తారట.

నవ్వొచ్చింది కదా, నీకూ వచ్చే ఉంటుంది. ఎందుకొచ్చిందో ఆలోచించావా? ఆవిడ అబద్ధం చెప్పలేదు కాబట్టి. రోగులే లేని ఆసుపత్రి కన్నా శుభ్రమైన ఆసుపత్రి ఇంకోటి ఎక్కడుంటుంది చెప్పు, ఆవిడ చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. ఆవిడే గనక దుప్పట్లు అమ్ముకుంటూ, మందుల బిల్లుల్లో కమిషన్ కొట్టేస్తూ ఉండి ఆ అవార్డు మాటంటే మనకి నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది. కోపం రావడం తప్పని నేననట్లేదు, కానీ కోపం తెప్పించడానికి పేపరుంది, ఏసీబీ వాళ్లున్నారు, నువ్వెందుకు మధ్యలో?

నేను పట్టుకు వేలాడే మాట ఇదొక్కటే, నా దగ్గరికి స్క్రిప్ట్ తెచ్చిన ప్రతివాడికీ చెప్పా, సగం మంది మళ్లీ రాలేదు. ఆఫీసు మీద హాస్యం రాస్తే అందులో దొంగని పెట్టకు. డబ్బు తిన్నవాణ్ణి పెట్టావంటే ఇక అది పోలీసు కేసే. ఎవడూ పైసా తినకుండా, అందరూ పొద్దున్నే వచ్చి సంతకం పెట్టి ఒళ్లొంచి పనిచేసి అలిసిపోయి ఇంటికెళ్తూ, ఇంతా చేసి అక్కడ జరగాల్సిన పని ఒక్కటీ జరగలేదంటే అదీ హాస్యం. అందులో ఎవరి మాటా తప్పు కాకూడదు. ఆ ఎపిసోడ్‌లో చూడు, ఆసుపత్రి అన్నాక రోగులుండాలి అంటాడు హ్యాకర్, రైటే. యుద్ధం లేదని సైన్యాన్ని ఇంటికి పంపించేస్తామా అంటాడు హంఫ్రీ, అదీ కాదనలేం ఒక్క క్షణం. మావాళ్ల ఉద్యోగాలు తీస్తామంటే ఊరుకోం అంటుంది యూనియన్, వాళ్ల పని వాళ్లది. మూడు న్యాయాలూ ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటే వచ్చే నవ్వది. నీ నాటికలో న్యాయం ఒక్కడి దగ్గరే ఉంది, ఆ కొత్త డాక్టరు దగ్గర, వాడు నోరు తెరిస్తే ఉపన్యాసం.

నాకెలా తెలుసంటే చెబుతా విను. నేనొక జిల్లా ఆఫీసులో గుమాస్తాగా చేసేరోజుల్లో మాకొక జీపుండేది, గేర్‌బాక్స్ పోయి షెడ్డులో పడుంది, రిపేరుకి శాంక్షన్ రాదు, కండెమ్ చెయ్యడానికీ ఆర్డర్ రాదు. దానికి డ్రైవర్ ఉన్నాడు. రోజూ పదింటికి వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టి, గుడ్డ తీసుకుని జీపంతా తుడిచి, అద్దాలు మెరిసేలా తుడిచేవాడు, తర్వాత లాగ్ బుక్ తీసి తేదీ వేసి తిరిగిన కిలోమీటర్లు సున్నా అని రాసి సంతకం పెట్టేవాడు. ఎందుకయ్యా రోజూ సున్నా రాస్తావ్, నెలకోసారి రాస్తే పోలేదా అన్నా ఒకరోజు. "రాయకపోతే రేపు ఆడిటోళ్లు బండెటు పోయిందని అడగరాండీ? సున్నా రాస్తే బండిక్కడే ఉన్నట్టు లెక్క" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆలోచించిన కొద్దీ వాడిదే రైటనిపించింది.

దాన్ని కథ చేసి ఒక వారపత్రికకి పంపా. ఎడిటరుగారు పిలిపించి, కుర్చీ కూడా చూపించకుండా, "బానే ఉందండీ, కానీ ఇందులో తప్పు చేసినవాడెవడు? పాఠకుడు ఎవణ్ణి తిట్టుకోవాలి?" అన్నారు. ఎవణ్ణీ తిట్టుకోనక్కర్లేదండీ, నవ్వుకుంటాడు అన్నా. ఆయన తలూపారు. నేను ఒప్పుకున్నారనుకున్నా. అచ్చయి వచ్చాక చూస్తే నా డ్రైవర్ ఆ కదలని జీపు పేరుమీద డీజిల్ డ్రా చేసి లారీలకి అమ్ముకుంటున్నాడు, చివర్లో కలెక్టరుగారు వచ్చి పట్టుకుంటారు, కొసమెరుపు! నన్నడగలేదు, చెప్పలేదు. మా డ్రైవర్ చదివాడు. రెండ్రోజులు నా మొహం చూళ్లేదు, మూడోరోజు నా సీటు దగ్గరికొచ్చి "నేను డీజిలెప్పుడమ్మానండీ? బండి తిరిగితే కదా డీజిలిచ్చేది" అన్నాడు. చూశావా, ఆ తిట్టు కూడా ఎడిటరుగారు రాసిన ముగింపు కన్నా బాగుంది, లెక్క కూడా కరెక్టే. ఆ పత్రికకి తర్వాత నేనేమీ పంపలేదు, అది మూతపడింది కూడా, నాకు బాధేమీ కలగలేదు.

నాటక పరిషత్తు పోటీల సంగతి అడగకు. నాటికకి సందేశం లేదని మార్కులు తగ్గించినవాళ్లని చూశా. హాస్య నాటిక అని పేరు పెడతారు, చివరి అయిదు నిమిషాల్లో ఎవడో ఒకడు స్టేజి ముందుకొచ్చి లైటులో నిలబడి సమాజాన్ని కడిగెయ్యాలి, జడ్జీలు కళ్లజోడు తీసి తుడుచుకోవాలి. నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్న జబ్బిది, నీకెలా అంటుకుందో! టీవీలో వచ్చే స్కిట్లు ఇంకో రకం, అక్కడ సందేశం ఉండదు, ఒకడు ఇంకోణ్ణి కొడితే టొయ్యిం అని సౌండేస్తారు, ఎదురుగా కూర్చున్నవాళ్లు కుర్చీల్లోంచి పడిపోతారు. 'ఎస్ మినిస్టర్' ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టుకుని రికార్డ్ చేశారు, వినబడే నవ్వు వాళ్లది. హంఫ్రీ వేషం వేసిన నైజెల్ హాథార్న్ ఊపిరి తిరక్కుండా ఒక వాక్యం మొదలెట్టి అది ఎక్కడ తేలుతుందో తెలీకుండా లాక్కెళ్తుంటే జనం ఓపిగ్గా ఆగి చివర్లో నవ్వారు. హాథార్న్ మొహం మాత్రం నవ్వదు, తను జోకు వేస్తున్నానని హంఫ్రీకి తెలీదుగా. నీ సూపరింటెండెంట్‌కి తెలుసు, బ్రాకెట్లో "వెకిలిగా నవ్వుతూ" అని రాశావు, నాలుగుచోట్ల.

రాసినవాళ్ల సంగతి కూడా నువ్వు వ్యాసంలో ఒక్క ముక్క రాయలేదు. ఆంటొనీ జే, జొనాథన్ లిన్ ఇద్దరూ. జేకి ఈ సీరియల్ ఆలోచన ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా? బ్రిటన్లో తిమొతీ ఎవాన్స్ అని ఒకతన్ని హత్య చేశాడని 1950లో ఉరితీశారు, తర్వాత హంతకుడు వేరేవాడని అనుమానాలొచ్చాయి, విచారణ జరిపించాలని సంతకాలు సేకరించినవాళ్లలో ఫ్రాంక్ సాస్కిస్ అనే ఎంపీ ఉన్నాడు. తర్వాత వాళ్ల లేబర్ పార్టీ గెలిచి ఆయనే హోం సెక్రటరీ అయ్యాడు. ఆ అర్జీ ఆయన బల్ల మీదకే వచ్చింది, ఆయనే కుదరదన్నాడు! ఎవాన్స్‌కి క్షమాభిక్ష 1966లో వచ్చిందిలే, చచ్చిపోయిన పదహారేళ్లకి. సాస్కిస్ లంచం తిన్నాడా? లేదు. చెడ్డవాడా? కాదు. ఆ కుర్చీలో కూర్చునేసరికి అక్కణ్ణించి ఇంకో న్యాయం కనబడింది. జే స్థానంలో మన ఎడిటరుగారుంటే సాస్కిస్‌కి హంతకుడితో చుట్టరికం కలిపేవారు.

ఇంకోటి. ఆ ఆసుపత్రిని వాళ్లు ఊహించే రాశారు, ఇలా అయితే ఎలా ఉంటుంది అని. తర్వాత వాకబు చేస్తే అచ్చం అలాంటివి, కొన్ని పూర్తి ఆసుపత్రులు, కొన్ని పెద్ద పెద్ద ఖాళీ విభాగాలు, ఆరు బయటపడ్డాయని లిన్ చెప్పాడు. ఊహ నిజమెలా అయిందంటావ్? మనుషులు దొంగలని కాదు, బుద్ధిమంతులని అనుకుని ఊహించారు కాబట్టి. బుద్ధిమంతులు ఒక్కో మెట్టూ సరిగ్గా ఎక్కుతూ పోతే ఎక్కడికి చేరతారో లెక్కేశారు, లెక్క తప్పలేదు. దొంగ ఎటు వెళ్తాడో లెక్కెయ్యడానికి ఏముంది, బీరువా దగ్గరికి వెళ్తాడు.

పైగా ఊరికే ఇంట్లో కూర్చుని ఊహించలేదు, లోపలివాళ్లు చెప్పింది విన్నారు. ప్రధాని హెరాల్డ్ విల్సన్ దగ్గర పనిచేసిన మార్షియా విలియమ్స్, బెర్నార్డ్ డొనహ్యూ వాళ్లకి చెప్పేవాళ్లు, మొదట్లో ఆ పేర్లు బయటపెట్టలేదు కూడా. నువ్వు ఆసుపత్రి మీద రాశావు, ఎప్పుడైనా సామాన్లు కావాలని స్టోర్ ఇండెంట్ ఎలా పెడతారో ఎవర్నైనా అడిగావా? రోగుల తిండికి డైట్ బిల్లు ఎవరు చేస్తారు, ఎవరి సంతకంతో పాసవుతుంది? నీ నాటికలో "ఫైళ్లు" అన్న మాట చాలాసార్లొచ్చింది, ఒక్క ఫైల్లో కూడా ఏముందో రాయలేదు. వెళ్లి సర్కారు ఆసుపత్రి ఆఫీసు రూమ్ బయట బెంచీ మీద ఓ వారం కూర్చో. టీ తాగించు వాళ్లకి. ఎవర్నీ తప్పు పట్టే మొహంతో వెళ్లకు, వాళ్లు కనిపెట్టేస్తారు.

1984 జనవరిలో ఏమైందో చెబుతా, ఇది నీకు నచ్చుతుంది. ఆ సీరియల్‌కి ఒక సంస్థ అవార్డిచ్చింది, ఇవ్వడానికి వచ్చింది సాక్షాత్తూ ప్రధాని మార్గరెట్ థాచర్. ఆవిడకి ఆ సీరియల్ పిచ్చి ఇష్టం. తన ఆఫీసువాళ్లతో కలిసి ఒక చిన్న స్కిట్ తయారు చేసుకొచ్చి హ్యాకర్ వేషం వేసిన పాల్ ఎడింగ్టన్, హాథార్న్‌లని పక్కన పెట్టుకుని తనే నటించింది, ఆర్థికవేత్తలందర్నీ రద్దు చెయ్యండి అని హ్యాకర్‌కి చెబుతుంది అందులో. ఆ ఇద్దరు నటులకీ అది చెయ్యడం సుతరామూ ఇష్టం లేదు, తప్పక చేశారు. తర్వాత లిన్ మైకు దగ్గరికొచ్చి, ఇన్నాళ్లకి ప్రధానిగారు సిట్యుయేషన్ కామెడీలో తమకి దక్కాల్సిన స్థానంలోకి వచ్చినందుకు థాంక్స్ అన్నాడు, హాలంతా నవ్విందట, ఆవిడ తప్ప. ఎవరి మీద రాశారో వాళ్లే ఇష్టపడ్డారంటే అది పసలేని రచన అని మా స్నేహితుడొకడు ఇప్పటికీ వాదిస్తాడు. కోరలు లేని వ్యంగ్యమట. నేను ఒప్పుకోను. మంత్రులూ సెక్రటరీలూ అందులో తమని చూసుకున్నారంటే వాళ్లని తప్పించుకోనివ్వలేదనే అర్థం. నీ సూపరింటెండెంట్‌ని ఏ నిజం సూపరింటెండెంట్‌కైనా చూపించు, "ఛీ, ఇలాంటివాళ్లూ ఉంటారండీ" అని తను మాత్రం హాయిగా ఇంటికెళ్లి పడుకుంటాడు.

ఇప్పుడు నీ నాలుగో సీన్. గేటు దగ్గర నిండు గర్భిణి నొప్పులు పడుతూ, వాచ్‌మన్ లోపలికి రానివ్వక, వానలో, తండ్రి ఏడుస్తూ... తీసెయ్ తల్లీ. మొత్తం తీసెయ్. సెయింట్ ఎడ్వర్డ్స్‌లో ఆ అరగంటలోనూ జబ్బుతో మూలిగే మనిషి మన కంటపడడు. రోగి తరఫున స్టేజి మీద ఎవడూ ఏడవడు. చివరికి ఏమవుతుంది? క్యూబా నుంచి వచ్చిన శరణార్థుల్ని ఎక్కడ పెట్టాలో తెలీక కొట్టుకుంటుంటే ఆసుపత్రి ఖాళీగా ఉంది కదా, అందులో పెడతారు. సిబ్బంది ఉద్యోగాలు నిలబడ్డాయి, యూనియన్ గెలిచింది, హంఫ్రీ గెలిచాడు, మంత్రికి దయగల ప్రభుత్వం అని పేరొచ్చింది. ఎపిసోడ్‌కి ఆ పేరు ఊరికే పెట్టలేదు. అందరికీ మేలు జరిగింది, ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బు మనిషి మాత్రం ఎవడికీ గుర్తు రాలేదు. ఆ మనిషిని తెచ్చి గేటు దగ్గర పడుకోబెట్టావంటే చూసేవాడు ఆవిడ మీద జాలిపడి తన పనైపోయిందనుకుంటాడు. గర్భిణి చావుతో చప్పట్లు కొట్టించుకోవడం చాలా తేలిక, పరిషత్తుల్లో ఇప్పటికే ఎంతమందిని చంపారో.

నీ నాటికలో ఒక్క మనిషుంది. రెండో సీన్‌లో ఆయమ్మ. ఎవరూ పడుకోని మంచాల మీద దుప్పట్లు రోజూ మార్చి, ఉతకడానికి పంపించి, తెచ్చి మళ్లీ పరుస్తుంది. మాసిపోలేదు కదా ఎందుకు ఉతికిస్తున్నావ్ అని డాక్టరడిగితే "దుమ్ము పడదాండీ" అంటుంది. మూడు లైన్లు. అక్కడ నేను లేచి మా ఆవిణ్ణి పిలిచి చదివి వినిపించా. తర్వాత ఆ ఆయమ్మని నువ్వు మళ్లీ తీసుకురాలేదు, నాటికంతా ఎదురుచూశా. ఆ దుప్పట్లకి సబ్బు ఎక్కణ్ణించి వస్తోంది? నెలకింత సబ్బు అయిపోతోందంటే ఈ ఆసుపత్రిలో రోగులు బాగా ఉన్నారన్నమాట అని పై ఆఫీసు అనుకోదూ? ఆ సబ్బు లెక్క చూసే కదా వచ్చే ఏడు మంచాలు పెంచుతారు! ఇదంతా నీ మూడు లైన్లలోనే ఉంది, నువ్వు చూసుకోలేదు, సూపరింటెండెంట్ వెనకాల పరిగెత్తావు.

కాబట్టి సూపరింటెండెంట్‌ని ఉంచు, కానీ చేతులు శుభ్రంగా ఉన్నవాడిగా ఉంచు. రూపాయి తినడు. సెలవు పెట్టడు. ఆదివారం కూడా వచ్చి మెట్లు తుడిపిస్తాడు. డాక్టర్ల పోస్టులు శాంక్షన్ చెయ్యమని నెలనెలా పైకి రాస్తాడు, పైనుంచి మీ ఆసుపత్రిలో రోగులే లేరు కదా డాక్టర్లెందుకు అని జవాబొస్తుంది. డాక్టర్లు లేరు కాబట్టి రోగుల్లేరండీ అని మళ్లీ రాస్తాడు, రోగుల సంఖ్య పెరిగాక పరిశీలిస్తాం అంటారు. ఆ ఉత్తరాలు రాయి నువ్వు. ఒక్కోటీ మర్యాదగా ఉండాలి, రూలు నంబరుతో సహా. ఇంకోడి మీద చాడీ ఒక్కటి కూడా ఉండకూడదు.

కలం పేరు పెట్టుకోవాలా వద్దా అన్నావు, నాకు తెలీదు. ఓటీటీ వాళ్లకి పంపొచ్చా అన్నావు, అక్కడ నాకెవరూ తెలీదు, తెలిసినా చెప్పను ఇప్పుడే. తెలుగులో ఇలాంటి సీరియల్ ఎందుకు రాలేదన్న ప్రశ్నకి పెద్ద కథుంది, హిందీలో 2001లో 'జీ మంత్రీజీ' అని స్టార్ ప్లస్‌లో వచ్చింది, ఫరూఖ్ షేక్ మంత్రి, ఆయన కోసమైనా చూడు. మిగతా ప్రశ్నలు రెండున్నాయి, మర్చిపోయా, నీ మెయిల్ మళ్లీ తెరిచే ఓపిక లేదు.

ఈసారి పీడీఎఫ్ పంపకు, వర్డ్ ఫైల్ పంపు, అందులో గీతలు కొట్టడం మా మనవడు నేర్పించాడు. అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టు. సంక్రాంతి లోపు అయితే చదువుతా, తర్వాత కంటి ఆపరేషనుంది.

మీ బాబాయ్